గుడారం ఎక్కడ వేయాలి?

కెనడా పటంలో వాయవ్య మూలన, అలాస్కాను ఆనుకుని యూకాన్ ఉంటుంది. విస్తీర్ణం 4.8 లక్షల చదరపు కిలోమీటర్లు. మన తెలుగు రాష్ట్రాలు రెండూ కలిపితే 2.75 లక్షలే. జనాభా మాత్రం 45 వేల చిల్లర, అందులోనూ ఎక్కువ మంది వైట్‌హార్స్ పట్టణంలోనే ఉంటారు. మిగిలిందంతా కొండలు, హిమానీనదాలు, స్ప్రూస్ అడవులు, సరస్సులు. వైట్‌హార్స్ నుంచి అలాస్కా హైవే మీద పడమటికి వెళ్తే ఆ ప్రాంతంలోకెల్లా పెద్దదైన క్లువానీ సరస్సు ఎదురవుతుంది. దాదాపు 400 చదరపు కిలోమీటర్ల నీరు. దాని వెనక కొండలు, ఆ కొండల వెనక కెనడాలో అత్యున్నతమైన లోగన్ శిఖరం, 5,959 మీటర్లు.

సరస్సు నైరుతి గట్టున కాంగ్డన్ క్రీక్ అనే క్యాంప్‌గ్రౌండ్ ఉంది. యూకాన్ ప్రభుత్వం నడిపే విడుదుల్లో ఇదొకటి. ఇక్కడ ఒక చిత్రమైన ఏర్పాటు కనిపిస్తుంది. గట్టి గోడల వాహనాల్లో పడుకునేవాళ్లు చెట్ల మధ్య తమకు నచ్చిన చోట దిగవచ్చు. గుడ్డ గుడారంలో పడుకునేవాళ్లకు మాత్రం విద్యుత్ కంచె వేసిన ఆవరణ వేరే ఉంది. కంచె ఎలుగుబంట్ల కోసం. జూలై, ఆగస్టు నెలల్లో గ్రిజ్లీ ఎలుగులు ఈ గట్టుకు మేతకు వస్తాయి.

కొత్తగా వచ్చినవాళ్లు సహజంగానే అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంత పెద్ద దేశంలో, ఇంత ఖాళీ నేలలో, సరిగ్గా ఎలుగులు వచ్చే చోటే విడిది ఎందుకు కట్టారు? జవాబు కోసం కాళ్ల కింది నేల నుంచి మొదలుపెట్టాలి. ఉత్తరాదిలో ఖాళీ నేల విస్తారంగా ఉన్నా, ఒక రాత్రి సుఖంగా గడపదగ్గ నేల మాత్రం చాలా తక్కువ. ఆ కొద్దిపాటి మంచి చోటునే మనిషీ కోరుకుంటాడు, ఎలుగూ కోరుకుంటుంది.

మెత్తని నేల చేసే మోసం

ఉత్తరాది అడవిలో చదునుగా, మెత్తగా, పచ్చగా ఉన్న చోట్లకు కొదవ లేదు. గుడారం వేయడానికి అంతకన్నా ఏం కావాలనిపిస్తుంది. మేకు దిగ్గొడితే జానెడు లోతు దాకా నాచులోకి సులువుగా దిగుతుంది. ఆ కింద తడి. చాలాచోట్ల తడి కింద గడ్డకట్టిన నేల.

వరసగా రెండేళ్లో అంతకు మించో సున్నా డిగ్రీలకు మించకుండా ఉండిపోయిన నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. ఎండాకాలంలో పై పొర మాత్రమే కరుగుతుంది. అడుగున గడ్డ ఉంది కాబట్టి కరిగిన నీరు ఇంకే దారి లేదు. అందుకే ఈ ప్రాంతంలో వాన తక్కువైనా నేల బురదగా ఉంటుంది. క్లువానీ దాటి బీవర్ క్రీక్ వైపు వెళ్తే రోడ్డు పక్కన బక్కగా, అటూ ఇటూ వాలిపోయిన నల్ల స్ప్రూస్ చెట్లు కనిపిస్తాయి. గడ్డ నేలలోకి వేరు లోతుగా దిగదు. ఆ నేల కరిగి కుంగినప్పుడల్లా చెట్టు ఒక పక్కకు ఒరుగుతుంది.

ఈ వ్యవస్థను కాపాడుతున్నది నాచు. ఎండిన నాచు వేడిని కిందికి పోనివ్వదు, అందుకని వేసవిలోనూ అడుగు నేల చల్లగానే ఉంటుంది. 1942లో అమెరికా సైన్యం అలాస్కా హైవేను ఎనిమిది నెలల్లో తవ్వుకుంటూ పోయినప్పుడు ఈ సంగతి కష్టపడి నేర్చుకుంది. బుల్‌డోజర్లతో నాచునూ పొదల్నీ గీకేస్తే మర్నాటికి నేల కరిగి యంత్రాలు దిగబడ్డాయి. తర్వాత్తర్వాత నాచును కదల్చకుండా దాని మీదే దుంగలు, కంకర పరిచారు. అదే ఏడాది నవంబరు 20న క్లువానీ సరస్సు పక్కనే ఉన్న సోల్జర్స్ సమ్మిట్ దగ్గర రోడ్డును లాంఛనంగా తెరిచారు. ఎనభై ఏళ్లు గడిచినా బీవర్ క్రీక్ వైపు రోడ్డు ఏటా ఎగుడుదిగుడు అవుతూనే ఉంది.

నాచును తొక్కి పాడుచేస్తే తిరిగి కోలుకోవడానికి పట్టే కాలం కూడా మన ఊహకు అందదు. రోడ్డు కోసం కొండ అంచును కోసిన చోట, మట్టిలో ఒక తెల్లని గీత కనిపిస్తుంది. అది అగ్నిపర్వతపు బూడిద. సుమారు 1,200 ఏళ్ల క్రితం అలాస్కా సరిహద్దుకు ఆవల, చర్చిల్ పర్వతం దగ్గర మహా విస్ఫోటనం జరిగింది. ఆ బూడిద యూకాన్ దక్షిణ భాగంలో చాలా మేర పరుచుకుంది. దాని సూక్ష్మ గాజు రేణువులను గ్రీన్‌లాండ్ మంచులోనూ, ఐర్లండ్ పీట్ నేలల్లోనూ శాస్త్రజ్ఞులు గుర్తుపట్టారు. మనకు ఇక్కడ ముఖ్యమైంది వేరే విషయం. చాలాచోట్ల ఆ గీత నేల పైభాగానికి జానెడు లోపే ఉంటుంది. పన్నెండు వందల ఏళ్లలో దాని మీద పేరుకున్న మట్టి అంతే. చలిలో ఆకు కుళ్లదు, కుళ్లనిదే మట్టి కాదు. క్యాంప్‌గ్రౌండ్లలో గుడారాలకు కంకర పోసి చదును చేసిన జాగాలు పెట్టి, అవి దాటి వేయవద్దనడానికి ఈ గీత ఒక్కటే చాలినంత కారణం.

గులకరాళ్ల మీద పండ్ల పొద

మరి నీరు నిలవని గట్టి నేల ఎక్కడ దొరుకుతుంది? కొండవాగు పల్లానికి దిగగానే వేగం తగ్గుతుంది. అంతదాకా దొర్లించుకొచ్చిన రాళ్లను, ఇసుకను మోయలేక విసనకర్ర ఆకారంలో పరిచేస్తుంది. క్లువానీ కొండల నుంచి దిగే వాగులన్నీ సరస్సు గట్టున ఇలాంటి రాళ్ల మేటలు వేశాయి. మేటలో నీరు చకచకా ఇంకిపోతుంది. తడి లేదు కాబట్టి మంచు గడ్డ కట్టి ఉబ్బే బెడద తక్కువ. చెట్లు పలచన, ఎండ బాగా తగులుతుంది, సరస్సు గాలి తోలుతుంది. విడిదికి ఇంతకన్నా మంచి చోటు వెతికినా దొరకదు.

కానీ రాళ్ల మేటలో సారం ఉండదు, ముఖ్యంగా నత్రజని. మామూలు మొక్కలు అక్కడ బతకలేవు. ఈ లోటును అవకాశంగా మలుచుకున్న పొద సోప్‌బెర్రీ. దాని వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే బాక్టీరియా కాపురముంటుంది. అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది, బదులుగా మొక్క చక్కెర ఇస్తుంది. కంది, పెసర వేళ్లలో రైజోబియం చేసే పనే ఇది. చేసే జీవి మాత్రం వేరు. అందుకే వాగు మేటలు, నది ఒడ్డు గులకరాళ్లు, రోడ్డు వేసినప్పుడు తవ్విపోసిన గట్లు సోప్‌బెర్రీకి ఇష్టమైన చోట్లు.

జూలైలో పొద నిండా ఎర్రని చిన్న పండ్లు వస్తాయి. చేత్తో నలిపితే నురుగొస్తుంది. కారణం సాపొనిన్లు, మన కుంకుడుకాయలో నురుగు పుట్టించే రసాయన జాతి అదే. ఉత్తర అమెరికా వాయవ్యంలోని ఆదివాసులు ఈ పండ్లను గిలకొట్టి, నురుగును తీపి వంటకంగా విందుల్లో తింటారు. మొదటిసారి రుచి చూసినవాళ్లకు చేదే ముందు తగులుతుంది. గ్రిజ్లీకి ఆ చేదు లెక్కలేదు. దానికి కావలసింది పండులోని చక్కెర.

గ్రిజ్లీ ఏడాదిలో దాదాపు సగం కాలం తిండి లేకుండా గుహలో గడపాలి. ఆ ఆరు నెలలకు సరిపడే కొవ్వును మిగతా ఆరు నెలల్లో, అందులోనూ చివరి రెండు నెలల్లో కూడబెట్టుకోవాలి. ఆ రోజుల్లో దాని ఆకలికి అంతూ పొంతూ ఉండదు. రోజుకు ఇరవై వేల కిలోకాలరీల దాకా తింటుంది. మనిషికి రెండు వేల పైచిలుకు చాలు. చిటికెన వేలి గోరంత పండ్లతో అంత శక్తి రాబట్టాలంటే పొదలు దట్టంగా ఉన్న చోటుకే పోవాలి. ఒక పెద్ద గ్రిజ్లీ రోజుకు రెండు లక్షల దాకా సోప్‌బెర్రీలు తినగలదని కెనడా జాతీయ పార్కుల అంచనా.

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. ఎలుగు ఉన్న చోట మనిషి పొరపాటున విడిది కట్టలేదు. మనిషి విడిది వాసన పట్టి ఎలుగు రావడమూ కాదు. నీరింకే రాళ్ల నేల, ఎండ, వెలుతురు అనే ఒకే లక్షణాన్ని చూసి పొద మొలిచింది, పొదను చూసి ఎలుగు వచ్చింది, ఆ లక్షణాన్నే చూసి రోడ్డూ విడిదీ వచ్చాయి.

కంచె, పెట్టె, కారం

పండ్ల కాలంలో ఎలుగు తల దించి తింటుంది. దాని ధ్యాసంతా పొద మీదే. ఆ సమయంలో చప్పుడు చేయకుండా దగ్గరికి పోవడమే అసలు ప్రమాదం. అడవిలో నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడుకోండి, చప్పట్లు కొట్టండి అని చెప్పేది అందుకే. మనిషి ఉనికి ముందే తెలిస్తే ఎక్కువ ఎలుగులు పక్కకు తప్పుకుంటాయి.

విద్యుత్ కంచెలో వోల్టేజి వేలల్లో ఉంటుంది. కానీ విద్యుత్తు సెకనుకొకసారి, సెకనులో వెయ్యోవంతు కూడా లేనంత చిన్న తుంపుగా వస్తుంది కాబట్టి ప్రాణం తీయదు. ఎలుగు కొత్త వస్తువును ముక్కుతో, నోటితో పరీక్షిస్తుంది. ముక్కు తడిగా, బొచ్చు లేకుండా ఉంటుంది. ఒక్క దెబ్బ అక్కడ తగిలితే అది చాలాకాలం గుర్తుంటుంది. ఇక్కడా నేల సంగతి అడ్డొస్తుంది. వలయం పూర్తి కావాలంటే విద్యుత్తు జంతువు కాళ్ల ద్వారా నేలలోకి పోవాలి, పొడి గులకరాళ్లు విద్యుత్తును సరిగా పోనివ్వవు. అలాంటి చోట్ల కంచెలో ఒక తీగ విద్యుత్తుకు, పక్క తీగ నేలకు కలిపి, రెండూ ఒకేసారి తగిలేలా కడతారు.

కంచె ఉన్నా లేకపోయినా తిండి గుడారంలో పెట్టకూడదు. అన్నం, మాంసం ఒక్కటే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, కుక్క బిస్కెట్లు కూడా. కాల్గరీ నుంచో వాంకూవర్ నుంచో కారులో వచ్చే తెలుగు కుటుంబం ఆవకాయ జాడీనీ పులిహోర డబ్బానీ కారు డిక్కీలోనో, ఎలుగు తెరవలేని ఇనప పెట్టెలోనో పెట్టి తాళం వేయాలి. వంట చేసిన చోటుకూ పడుకునే చోటుకూ మధ్య దూరం ఉండాలి. మనిషి తిండి ఒకసారి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది. చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది.

ఆఖరి రక్షణ నడుముకు కట్టుకునే ఎలుగు స్ప్రే. అందులో ఉన్నది మిరపకాయ ఘాటు. గుంటూరు మిర్చిని దంచేటప్పుడు కళ్లు మండించే కాప్సెయిసిన్, దాని బంధువులు. ఈ అణువు మన నరాల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకానికి అతుక్కుంటుంది. అసలు ఆ గ్రాహకం ఉన్నది వేడి తగిలితే హెచ్చరించడానికి. కాప్సెయిసిన్ అతుక్కోగానే మెదడుకు ‘కాలుతోంది’ అన్న కబురు వెళ్తుంది. 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. పక్షుల్లో ఈ గ్రాహకం కాప్సెయిసిన్‌కు స్పందించదు. క్షీరదాల్లో దాదాపు అన్నిటికీ మంటే, ఎలుగుకు కూడా.

టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తదితరులు అలాస్కాలో 1985 నుంచి 2006 దాకా స్ప్రే వాడిన ఘటనలను పరిశీలించారు. గోధుమరంగు ఎలుగుల మీద వాడిన సందర్భాల్లో 92 శాతం సార్లు అవి వెనక్కి తగ్గాయి. ఎలుగులు అతి దగ్గరకొచ్చిన ఆ ఘటనల్లో స్ప్రే చేతిలో ఉన్నవాళ్లలో 98 శాతం మందికి గాయాలే కాలేదు. కానీ ఇదే స్మిత్ 1998లో ఇంకో సంగతి కూడా రాశారు. నేల మీద పడి ఆరిపోయిన స్ప్రే మరకల వాసనకు ఎలుగులు ఆకర్షితమై వచ్చి వాటి మీద దొర్లుతాయి. ముఖానికి తగిలిన ఘాటు తరిమేస్తుంది, వస్తువుకు పూసిన ఘాటు పిలుస్తుంది. దోమల మందులా గుడారం మీద చల్లేవాళ్లు కోరి ఎలుగును పిలిచినట్టే.

దోమకు విరుగుడు గాలి

ఎలుగును చూడకుండానే చాలామంది వెనక్కి వస్తారు. దోమను చూడకుండా ఎవరూ రారు. ఇంత చలి దేశంలో ఇన్ని దోమలు ఎలా బతుకుతాయన్నది న్యాయమైన సందేహమే. ఉత్తరాది ఏడిస్ జాతులు ఎండాకాలం చివర్లో తేమ నేలలో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు చలికాలమంతా మంచు దుప్పటి కింద ఉంటాయి. వసంతంలో మంచు కరిగి పల్లాల్లో నీరు నిలవగానే అన్నీ ఒకేసారి పగులుతాయి. గడ్డ నేల ఆ నీటిని ఇంకనివ్వదు కాబట్టి పిల్లలు పెరిగేదాకా మడుగు ఎండదు. ఏడాదికి ఒకే తరం. కాబట్టి జూన్‌లో దండు మొత్తం ఒక్కసారిగా లేస్తుంది. కొన్ని పెద్ద జాతులు మాత్రం పూర్తిగా ఎదిగిన దోమలుగానే బెరడు కింద చలికాలం గడిపి, మంచు పూర్తిగా కరగకముందే బయటికొస్తాయి.

దోమ మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును పసిగట్టి ఆ వాసన జాడ వెంట వస్తుంది. దగ్గరికి వచ్చాక చర్మం వెచ్చదనం, చెమట, ముదురు రంగు బట్టలు దారి చూపుతాయి. కానీ దోమ ఎగిరే వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లే. పది, పదిహేను కిలోమీటర్ల గాలి వీస్తే అది నిలదొక్కుకోలేదు. వాసన జాడ కూడా చెదిరిపోతుంది. పగలు నేల త్వరగా వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సరస్సు మీది చల్లగాలి వస్తుంది. అందుకే మధ్యాహ్నం గట్టు మీద దోమ ఉండదు. పొద్దు వాలాక గాలి పడిపోగానే వచ్చేస్తుంది. గుడారం అడవి లోపల కాకుండా గట్టు దగ్గరగా, గాలికి ఎదురుగా ఉండటం వల్ల లాభం ఇదీ.

చీకటి పడని రాత్రి

క్లువానీ 61 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ 21న హైదరాబాద్‌లో పగలు 13 గంటల పైచిలుకైతే ఇక్కడ 19 గంటలు. సూర్యుడు అస్తమించినా దిగంతం కిందికి ఆరు డిగ్రీలు కూడా దిగడు, కాబట్టి అర్ధరాత్రి కూడా దీపం లేకుండా దారి కనిపిస్తుంది. వెలుతురు కంట్లో పడినంతసేపూ మెదడు మెలటోనిన్ విడుదలను ఆపుతుంది, నిద్ర రాదు. కళ్లకు గంతలు కట్టుకుని పడుకోవడం ఇక్కడ మామూలు సంగతి. ఉత్తర ధ్రువకాంతులు చూద్దామని జూన్‌లో వచ్చేవాళ్లకు నిరాశే మిగులుతుంది. ధ్రువకాంతులు అప్పుడూ ఉంటాయి, వాటిని చూపే చీకటి ఉండదు. ఆగస్టు నడిమి నుంచి ఆ అవకాశం మొదలవుతుంది.

అద్దంలాంటి నీరు, కనిపించని జీవి

సరస్సు మీద మంచు సాధారణంగా మే చివర్లో గానీ జూన్ మొదట్లో గానీ విడిపోతుంది. నీరు 4 డిగ్రీల దగ్గర అత్యంత బరువుగా ఉంటుంది. అందుకే లోతైన సరస్సు అడుగున ఏడాది పొడవునా ఆ చుట్టుపక్కల వేడిమే ఉంటుంది, పైన వెచ్చబడేది పలచటి పొర. గట్టిగా గాలి వీస్తే ఆ పొర కూడా అడుగు చలితో కలిసిపోతుంది. ఎండ కాస్తోంది కదా అని దూకకూడదు.

చల్లని నీట్లో పడితే ఏమవుతుందో మనిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఏళ్ల తరబడి, తన శరీరం మీద కూడా, ప్రయోగాలు చేశారు. ఆయన ప్రచారంలోకి తెచ్చిన సూత్రం 1–10–1. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, అప్పుడు చేయాల్సిందల్లా తల నీటి పైన ఉంచుకోవడం. తర్వాత 10 నిమిషాలు చేతులు, కాళ్లు చెప్పిన మాట వింటాయి, బయటపడాలంటే ఆ లోపే. స్పృహ పోవడానికి సుమారు 1 గంట పడుతుంది. అంటే చలి చంపేలోగా మునక చంపుతుంది. లైఫ్ జాకెట్ ఉంటే ఆ గంట మనకు దక్కుతుంది.

తాగే నీటి విషయంలో చలి మరో మోసం చేస్తుంది. నీరు అద్దంలా ఉంటుంది, చల్లగా ఉంటుంది, కాబట్టి శుభ్రమనుకుంటాం. బీవర్ల వంటి జంతువుల మలం ద్వారా నీట్లో చేరే జియార్డియా అనే ఏకకణ జీవి గట్టి పెంకు కట్టుకుని ఉంటుంది. వెచ్చని నీటిలో కన్నా చల్లని నీటిలోనే ఆ పెంకు ఎక్కువ కాలం, వారాల తరబడి, బతికి ఉంటుంది. సలసల ఒక నిమిషం మరిగిస్తే చస్తుంది. సరస్సు సముద్రమట్టానికి 780 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అయినా ఆ వేడి చాలు.

ఎండిన మాను, రగిలే నేల

యూకాన్ ప్రభుత్వ విడుదుల్లో పొయ్యి కట్టెలు రుసుములో భాగమే. ఇది ఉదారత ఒక్కటే కాదు. కట్టెలు ఇవ్వకపోతే జనం చుట్టూ ఉన్న చెట్లు నరుకుతారు, ఒక స్ప్రూస్ ఇక్కడ నిండుగా ఎదగడానికి వంద ఏళ్లు పడుతుంది. క్లువానీ, హైన్స్ జంక్షన్ పరిసరాల్లో బూడిద రంగులో నిలబడ్డ ఎండు మానులు చాలా కనిపిస్తాయి. 1990ల నుంచి పదిహేనేళ్ల పాటు స్ప్రూస్ బెరడు పురుగు ఇక్కడ మూడు లక్షల హెక్టార్లకు పైగా అడవిని దెబ్బతీసింది. ఈ పురుగు ఒక తరం పూర్తి చేయడానికి మామూలుగా రెండేళ్లు తీసుకుంటుంది. ఎండాకాలాలు వెచ్చబడితే ఒకే ఏడాదిలో పూర్తిచేస్తుంది. చలికాలం మెత్తబడితే పిల్ల పురుగులు చావవు. వాన లేక దాహంతో ఉన్న చెట్టు పురుగును తోసేసే జిగురు సరిపడా కార్చలేదు. మూడూ ఒకేసారి జరిగాయి.

నిప్పు ఇనప చట్రం ఉన్న పొయ్యిలోనే వేయాలన్న నియమం కూడా నేలను బట్టి వచ్చిందే. కుళ్లని ఆకులు, నాచు, వేళ్లు కలిసి నేల మీద మందపాటి పొర కడతాయి. అందులో నిప్పు పడితే మంట కనిపించదు. గాలి అంతగా అందని చోట కూడా అది కణకణ రగులుతూ పాకుతుంది. ఆర్పేశామనుకున్న నిప్పు రోజుల తర్వాత కొన్ని మీటర్ల అవతల లేస్తుంది. కొన్ని మంటలైతే చలికాలమంతా మంచు కింద రగిలి, వసంతంలో బయటపడతాయి. కాబట్టి నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోసి, చేత్తో తాకి చల్లగా ఉందని తెలిశాకే లేవాలి. పొరుగున ఉన్న వాయవ్య ప్రాంతాల రాజధాని ఎల్లోనైఫ్‌ను 2023 ఆగస్టులో కార్చిచ్చు కారణంగా ఖాళీ చేయించారు. దాదాపు ఇరవై వేల మంది ఊరు వదిలారు.

పొరుగున ఉన్న పరిశోధకులు, పరిశోధితులు

సరస్సు దక్షిణపు కొసన 1961 నుంచి ఒక పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. ఉత్తర అమెరికా ఆర్కిటిక్ సంస్థ దాన్ని నెలకొల్పింది. ఛార్లెస్ క్రెబ్స్, ఆయన సహచరులు ఈ పరిసరాల్లో 1970ల నుంచి మంచు కుందేళ్లను లెక్కపెడుతూ వచ్చారు. ఆ కుందేళ్ల సంఖ్య దాదాపు పదేళ్లకోసారి పెరిగి కూలుతుంది, ఒకటి రెండేళ్ల వెనగ్గా లింక్స్ పిల్లుల సంఖ్యా అదే దారి పడుతుంది. కాబట్టి ఒక వేసవిలో బాట మీద అడుగడుక్కీ కుందేలు కనిపించి, మరికొన్నేళ్లకు వెళ్తే ఒక్కటీ కనిపించకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

బల్ల కింద చేరి బిస్కెట్ ముక్కల కోసం నిలబడే ఆర్కిటిక్ నేల ఉడుత ఇంకా పెద్ద వింత. ఏడాదిలో ఏడెనిమిది నెలలు బొరియలో నిద్రపోతుంది. 1989లో బ్రయన్ బార్న్స్ దాని శరీర ఉష్ణోగ్రత మైనస్ 2.9 డిగ్రీల దాకా పడిపోతుందని చూపించారు. సున్నా కిందికి పోయినా దాని రక్తం గడ్డకట్టదు. రెండు మూడు వారాలకోసారి ఒళ్లు కొన్ని గంటల పాటు మామూలు వేడికి వచ్చి, మళ్లీ చల్లబడుతుంది. దాని లెక్కలో ప్రతి కొవ్వు చుక్కకూ విలువ ఉంది కదా, బిస్కెట్ పెడితే తప్పేమిటి అనిపించవచ్చు. ఉడుతలు గుమిగూడే చోటుకు వాటిని తవ్వి తినే ఎలుగు వస్తుంది. ఉడుతకు పెట్టిన బిస్కెట్ లెక్క అక్కడ తేలుతుంది.

గట్టే జరిగింది

ఇన్ని నియమాలకూ ఆధారం సరస్సు గట్టు అని చెప్పుకున్నాం. ఆ గట్టు స్థిరమా అంటే కాదు. మూడు నాలుగు వందల ఏళ్ల కిందటి దాకా క్లువానీ నీరు దక్షిణంగా పసిఫిక్ వైపు పోయేది. అప్పటి చల్లని యుగంలో కాస్కవుల్ష్ హిమానీనదం ముందుకు జరిగి ఆ దారిని మూసింది. నీటిమట్టం ఇప్పటికన్నా పది మీటర్లకు పైగా పెరిగి, చివరికి ఉత్తరాన కొత్త దారి కోసుకుంది. అప్పటి నుంచి ఈ నీరు యూకాన్ నది మీదుగా బేరింగ్ సముద్రానికి పోతోంది.

2016 మే నెలాఖరులో వ్యవహారం మళ్లీ మారింది. అదే హిమానీనదం ఇప్పుడు వెనక్కి తగ్గి, దాని కరుగు నీరు మంచులో కొత్త లోయ కోసుకుని కాస్కవుల్ష్ నదిలోకి మళ్లింది. ఇక్కడి ఆదివాసులైన సదరన్ టచోనీ ప్రజలు ఆయ్ చూ అనే స్లిమ్స్ నది, సరస్సుకు ప్రధాన పోషకం, కొద్ది రోజుల్లోనే చిక్కిపోయింది. డాన్ షుగర్ బృందం 2017లో ప్రచురించిన పత్రంలో దీన్ని ఆధునిక కాలంలో కళ్లెదుట జరిగిన మొదటి ‘నదీ చౌర్యం’గా వివరించింది. సరస్సు మట్టం ఆ వేసవిలోనే మామూలుకన్నా మీటరుకు పైగా తగ్గింది. ఎండిన నదీగర్భం మీద కొండగాలి తోలినప్పుడల్లా బూడిదరంగు దుమ్ము లేచి హైవేను కమ్ముతోంది. నీటి అంచు వెనక్కి పోయిన చోట గులకరాళ్లు బయటపడ్డాయి. అలాంటి ఖాళీ రాళ్ల నేలలో ముందుగా పాదు కట్టే మొక్కల్లో సోప్‌బెర్రీ ఒకటని ముందే చూశాం. కాబట్టి మేత ఎక్కడ, కంచె ఎక్కడ అన్న లెక్కను కొన్నేళ్లకోసారి మళ్లీ చూసుకోక తప్పదు.

ఆగస్టులో అక్కడికి వెళ్లే వీలున్నవాళ్లు ఈ వరస పాటిస్తే సరిపోతుంది. ముందు విడిది ద్వారం దగ్గరి ప్రకటన చదవాలి, ఈ వారం ఎలుగులు ఎటు తిరుగుతున్నాయో అందులో ఉంటుంది. తర్వాత కంచె ఆవరణలో ఖాళీ ఉందో లేదో చూడాలి. లేకపోతే వాహనంలో పడుకోవాలి, లేదా గుడారాలను అనుమతించే వేరే విడిదికి పోవాలి. చోటు దొరికాక కంకర జాగాలో, వాగు పల్లంలో కాకుండా కాస్త ఎత్తున గుడారం వేయాలి. రాత్రి బరువైన చల్లగాలి పల్లంలోకే జారి చేరుతుంది. కింద పరిచే మందపాటి ఫోమ్ చాపకు కప్పుకునే దుప్పటికన్నా ఎక్కువ డబ్బు పెట్టినా తప్పులేదు. ఒంటి బరువుకు నలిగిన దుప్పట్లో గాలి నిలవదు, వేడి నేరుగా రాళ్లలోకి పోతుంది. వంటా, భోజనమూ ముగించి పాత్రలు కారులో పెట్టి, పొయ్యి చల్లారిందని చూసుకున్నాకే గుడారం జిప్పు వేయాలి.